అర్థమైందక్క

ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, యూనివర్సిటీలో హాజరు పిలిచేటప్పుడు తప్ప దాన్ని ఎవరూ వాడేవారు కాదు. అందరికీ ఆమె అర్థమైందక్క. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసం శని, ఆదివారాల్లో నడిపే కళ్ళ పరీక్షల కోర్సు అది. చేరినవాళ్ళలో చాలామంది పాతికేళ్ళ లోపువాళ్ళు. ఈమెకి నలభై దాటాయి, అందుకని అక్క. ఇక పాఠం చెప్పేవాళ్ళు "అర్థమైందా?" అనడం ఆలస్యం, "అర్థమైందండీ" అని అందరికంటే ముందు పలికే గొంతు ఈమెదే, అందుకని అర్థమైందక్క. పిల్లలు ఎదురుగానే అలా పిలిచేవారు, ఆమె నవ్వుతూ పలికేది. అది పెదాల మీది నవ్వే. కాంతి పాఠాల పరీక్ష ఆమె అప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు.

ఈ మాట ఆమె నోటికి ఎక్కడ అంటుకుందో చెప్పాలి. చిన్నప్పుడు బళ్ళో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. మంచివారే, ఎవరి మీదా చెయ్యి చేసుకునేవారు కారు. పాఠం చివర "అర్థమైందా?" అని అడిగేవారు. ఎవడైనా అమాయకుడు "కాలేదండీ" అన్నాడో, ఒక నిట్టూర్పు విడిచి, బోర్డు తుడిచి, పాఠం మొత్తం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేవారు. ఈలోపు ఆటల గంట కొట్టేసేవారు. బయట పక్క క్లాసు పిల్లల కేకలు వినపడుతుంటే, లోపల క్లాసు క్లాసంతా ఆ అమాయకుడి వంక కొరకొరా చూసేది. ఇలా ఒకటి రెండుసార్లు జరిగితే ఎంతటివాడికైనా బుద్ధి వస్తుంది. లెక్కలు వచ్చినా రాకపోయినా, "అర్థమైంది సార్" అని ఒక్క గొంతుతో అనడం మాత్రం ఆ బడి పిల్లలందరికీ వచ్చేసింది. మనందరికీ వచ్చు లెండి, ఆమె ఒక్కదాన్నే అనుకోవడం ఎందుకు.

చదువు ఆ బడితోనే ఆగింది. పెళ్ళయింది. సిటీ బస్సు నడిపే భర్త, ఒక్కతే కూతురు. కూతురు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, పగలంతా ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక, వీధి మలుపులో ఉన్న కళ్ళజోళ్ళ షాపులో పనికి కుదిరింది. మొదట గాజు బీరువాలు తుడిచే పని. తర్వాత వంకరపోయిన కాడలు వేడిచేసి సరిచేయడం, ఊడిపోయిన మరలు బిగించడం. ఆ తర్వాత వెనక గదిలో అరగదీసే యంత్రం దగ్గరికి చేరింది. గుండ్రటి అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి, కంటిపాపకి సరిగ్గా ఎదురుగా అద్దం నడిమి భాగం వచ్చేలా కూర్చోబెట్టాలి. నీళ్ళతో పాటు తెల్లటి బురద చిమ్ముతుంది, చేతులు ఎప్పుడూ తడి. అద్దం చేతికి ఇస్తే చాలు, చూడకుండానే అంచు మందంగా ఉంటే మైనస్ అనీ, నడుమ మందంగా ఉంటే ప్లస్ అనీ వేళ్ళతో చెప్పేసేది. చేతికి తెలిసింది పుస్తకంలో కనిపించకపోవడమే ఆమె బాధ.

షాపు ముందు గదిలో గాజు బల్లలు, నిలువుటద్దాలు, బోలెడంత వెలుగు. వెనక పని గది. ఈ రెంటి మధ్యా ఒక చీకటి గది ఉంది. అందులో ఎత్తూ వాలూ మార్చుకునే కుర్చీ, ఎదుటి గోడ మీద అక్షరాల చార్టు. అది యజమాని గది. వీధి వీధంతా ఆయన్ని పెద్దాయన అంటుంది, ఈమె మాత్రం బాబాయిగారూ అంటుంది. భార్య పోయాక షాపునే ఇల్లు చేసుకున్న మనిషి. కళ్ళు పరీక్షించడంలో ఆయనకి ఒక పద్ధతి ఉంది. ముక్కు మీద బరువు ఫ్రేము తగిలించి ఒక్కో అద్దం వేసి తీస్తూ, ఏనాడూ "కనిపిస్తోందా?" అని అడగరు. "ఏం కనిపిస్తోందో చదవండి" అంటారు. కనిపిస్తోందా అంటే మనుషులు మొహమాటానికైనా కనిపిస్తోందనే అంటారని ఆయన వాదం. చదివాక కూడా నమ్మరు, చార్టు మార్చి ఇంకోటి చదివిస్తారు.

ఈ పద్ధతి రుచి ఆమె భర్తకి బాగా తెలుసు. లైసెన్సు కోసం కళ్ళ పరీక్షకి వచ్చిన రోజు, బయట బల్ల మీద కూర్చుని, లోపలివాళ్ళు చదివేదంతా చెవులు రిక్కించి విని, చివరి వరస బట్టీపట్టేశాడు. కుర్చీ ఎక్కగానే ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చదివేశాడు. పెద్దాయన భేషన్నారు. అని, చార్టు తిప్పి వెనకవైపు చూపించారు. డ్రైవరుగారి నోరు పడిపోయింది. కళ్ళజోడు పెట్టుకున్నాకే లైసెన్సు వచ్చింది. ఇంట్లో కూర ఉప్పగా ఉందని ఆయన వంక పెడితే చాలు, "చార్టు తిప్పమంటారా?" అని తల్లీకూతుళ్ళు ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

కొన్నాళ్ళుగా పెద్దాయన మోకాళ్ళ నొప్పులంటున్నారు. కుర్చీ పక్కన నిలబడటం తన వల్ల కావడం లేదని, నేర్చుకొమ్మని, ఆయనే పట్టుబట్టి ఆమెని కోర్సులో చేర్పించారు. అలవాటు కావాలని చీకటి గదిలో పక్కనే నిలబెట్టుకుని, పెట్టెలోంచి అద్దాలు తీయడం, వాటి అంచున చెక్కిన సన్నటి నంబర్లు చదవడం ఆమె చేతే చేయించేవారు. కానీ ఆ గదిలో సొంతంగా జనం కళ్ళు చూడాలంటే సర్టిఫికెట్ ఉండాలి, చట్టం అది. ఆమె పాసైతే షాపు ఆమె చేతిలో పెట్టి తను ముందు గదిలో కూర్చుంటానన్నారు. తప్పితే మెయిన్ రోడ్డు మీది పెద్ద షాపువాళ్ళకి ఇచ్చేయడమే. వాళ్ళ అద్దాలు ఎక్కడో ఫ్యాక్టరీలో తయారై వస్తాయి, వాళ్ళకి ఈ వెనక గదితో గానీ ఈమెతో గానీ పని ఉండదు. ఇదంతా ఆయన బెదిరింపుగా అనలేదు, రేపు వాన పడేలా ఉందన్నంత మామూలుగా చెప్పారు. దాంతో ఆమెకి మరింత దిగులు పట్టుకుంది.

మూడోసారి క్లాసులు మొదలైనప్పుడు యూనివర్సిటీవాళ్ళు కొత్తగా ఒకటి ఇచ్చారు. ఫోన్లో తెరుచుకునే ట్యూటరు. మనిషి కాదు, ఏఐ. ఎన్నిసార్లు అడిగినా పాఠం చెప్తుంది, రాసి అడిగినా మాట్లాడి అడిగినా పలుకుతుంది. జవాబులు రాయించుకోవద్దు, పాఠం తెలుసుకోవడానికే వాడండి అని లెక్చరరమ్మ మరీ మరీ చెప్పింది. ఆ మాటలో మొదటి సగం కుర్రాళ్ళ చెవిన పడలేదు, అది వేరే గోల.

అర్థమైందక్క మాత్రం భయభక్తులతో మొదలుపెట్టింది. మధ్యాహ్నం పెద్దాయన కునుకు తీసే వేళ యంత్రం ఆపి, చేతులు తుడుచుకుని, ఫోను అద్దాల పెట్టెకి ఆనించి నిలబెట్టి, "నమస్కారమండీ" అని రాసేది. పాఠం వింటూ మధ్యమధ్యలో "ఊఁ" అని తల కూడా ఊపేది. డిగ్రీలో ఉన్న కూతురు ఒకరోజు షాపుకి వచ్చి ఈ సంబరం చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. యంత్రానికి అండీ ఏమిటమ్మా అంది.

"చదువు చెప్పేవాళ్ళని నువ్వు అంటారటే ఎవరైనా?" అంది తల్లి.

కాంతి పాఠాల్లో ఆమెకి కొరుకుడు పడనిది ఒక్కటే, దూరానికి మైనస్ గుర్తు. లెన్సు ముందు ఒక వస్తువు పెడతారు. అది ఎంత దూరంలో ఉందో లెక్కలో వేసేటప్పుడు ముందు మైనస్ పెట్టమంటారు. దూరానికి మైనస్ ఏమిటి? షాపు నుంచి బస్టాపుకి దూరం మైనస్ ఇంత అని లోకంలో ఎవరైనా అంటారా? ఈ ప్రశ్న మొదటినుంచీ ఆమె కడుపులోనే ఉండిపోయింది. ఇంత చిన్న విషయం కూడా తెలియదా అంటారేమోనని బయటపెట్టలేదు. ఎక్కడ మైనస్సో ఎక్కడ ప్లస్సో బట్టీపట్టింది. పరీక్షలో తారుమారు చేసింది, తప్పింది. రెండోసారీ అదే భాగోతం.

ట్యూటరు ఆ పాఠం చక్కగానే చెప్పింది. చెప్పాక, ఇది మీకు అర్థమైందా, ముందుకు వెళ్దామా అని అడిగింది. అర్థం కాలేదు. మొహమాటపడుతూనే ఇంకోసారి చెప్పమంది. అది ఇంకో రకంగా చెప్పింది, బొమ్మ కూడా గీసింది. మళ్ళీ అడిగింది, అర్థమైందా అని. అప్పుడు ఈవిడకి దాని మీద జాలేసింది. ఇంత ఓపిగ్గా, విసుక్కోకుండా, బొమ్మలు గీసి మరీ చెప్తుంటే, మళ్ళీ కాలేదంటే ఏం బాగుంటుంది? నొచ్చుకోదూ? నొచ్చుకోవడానికి దానికి మనసు లేదని ఆమెకి తెలుసు. తెలిసి కూడా, వేళ్ళు వాటంతట అవే "అర్థమైందండీ, చాలా థాంక్సండీ" అని రాసేశాయి.

మనిషి మాస్టారైతే ఆ మాటని అంత తేలిగ్గా నమ్మరు. గొంతు తగ్గడం, చూపు పుస్తకంలోకి దిగిపోవడం కనిపెడతారు. ఇది పాపం, అన్న మాటని అన్నట్టే నమ్మేసింది. ఆ పాఠం ఎదురుగా పచ్చటి టిక్కు పెట్టి తర్వాతిది ఎత్తుకుంది. అక్కడా ఈవిడ వరస అంతే. నెల తిరిగేసరికి ఫోన్లో ఎక్కడ చూసినా పచ్చటి టిక్కులే. సిటీ మొత్తం తిరిగినా తన బస్సుకి ఇన్ని పచ్చ లైట్లు దొరకవని భర్త మురిసిపోయాడు. ఆమె కూడా కాస్త మురిసింది. ఇన్ని టిక్కులు పడ్డాయంటే ఎంతో కొంత వచ్చే ఉంటుందిలే అనుకుంది.

ఆ మురిపెం కోర్సు మధ్యలో పెట్టిన చిన్న పరీక్షతో తీరిపోయింది. క్లాసులో అందరికంటే ఎక్కువ టిక్కులు ఈమెవే, అందరికంటే తక్కువ మార్కులూ ఈమెవే. లెక్చరరమ్మ క్లాసు అయ్యాక ఉండమంది. ఈ లెక్చరరమ్మ అర్థమైందక్క కన్నా చాలా చిన్నది, తను కూడా అక్కా అనే పిలుస్తుంది. ఫోను ఇలా ఇమ్మని అడిగి, ట్యూటరుతో నడిచిన మాటలన్నీ పైనుంచి కిందికి చదివింది.

"అక్కా, ఇన్ని పాఠాల్లో మీరు ఎక్కడా అర్థం కాలేదని కుండబద్దలు కొట్టి చెప్పలేదే" అంది. "క్లాసులో మీరు అర్థమైందన్నప్పుడు మీ మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది. దానికి మీ మొహం కనపడదు కదా."

అంతకు మించి ఏమీ అనలేదు. పెద్ద పరీక్షకి ఇంకా టైముందని మాత్రం అంది. తిడితే బాగుండుననిపించింది అర్థమైందక్కకి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికొస్తూ, ఈ వయసులో నాకెందుకొచ్చిన చదువు, రేపు బాబాయిగారికి చెప్పేసి మానేస్తాను అని తీర్మానించుకుంది. షాపు పోతుంది. పోనీ. ఏడుపు వచ్చింది గానీ, పక్కన మనుషులున్నారని మింగేసింది.

మర్నాడు ఆ మాట చెబుదామని వెళ్ళేసరికి గుమ్మంలో ఒక బామ్మగారు నిలబడి ఉన్నారు. ఈమధ్యే కొత్త జోడు చేయించుకున్న మనిషి. అది పెట్టుకుంటే మెట్టు ఎక్కడుందో తెలియడం లేదని, తీసి చేత్తో పట్టుకుని వచ్చారు. ఆ జోడుకి కళ్ళు చూసిన రోజు పెద్దాయన గదిలోనే ఉన్నారు గానీ, ప్రశ్నలడిగే పని ఈమెకే అప్పజెప్పారు. కంగారులో ఈమె పద్ధతి మరిచి, "బాగా కనిపిస్తోందా బామ్మగారూ?" అని అడిగేసింది. ఆవిడ బాగా కనిపిస్తోందన్నారు. ఇప్పుడు మళ్ళీ కూర్చోబెట్టి ఒక్కో వరసా చదివిస్తే నంబరు చాలా తేడా.

మరి ఆ రోజు కనిపిస్తోందన్నారే అని అడిగితే బామ్మగారు సిగ్గుపడ్డారు.

"నువ్వు అంత ఓపిగ్గా అద్దాలు మారుస్తున్నావు కదమ్మా. ఇంకా కనపడట్లేదంటే ఏమనుకుంటావో అని, కనిపిస్తోందనేశాను."

అర్థమైందక్క చేతిలో అద్దం చేతిలోనే ఉండిపోయింది. ఇవి తన మాటలే. ట్యూటరు ముందు కూర్చుని తను అనుకున్నవే, ఒక్క అక్షరం తేడా లేకుండా ఈవిడ నోట వస్తున్నాయి. ఆవిడ మీద కోపం రాలేదు, అంత మంచి మనిషి మీద ఎలా వస్తుంది? కానీ ఆ మంచితనంతో ఆవిడ మెట్టు మీద బోర్లా పడి ఉండేవారు. బామ్మగారిని సాగనంపాక పెద్దాయన మెత్తగా మందలించారు.

"కనిపిస్తోందా అని అడగొద్దని ఎన్నిసార్లు చెప్పానమ్మాయ్. ఏం కనిపిస్తోందో చెప్పమనాలి. చెప్పాక చార్టు మార్చాలి."

మానేస్తానన్న మాట గొంతులోనే ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం ఆయన కునుకు తీయగానే ఫోను తెరిచి, కాసేపు ఊరికే చూస్తూ కూర్చుంది. తర్వాత రాసింది. "నేను మీకు అబద్ధం చెప్పానండీ. మైనస్ దూరం నాకు అర్థం కాలేదు. దూరం అసలు మైనస్ ఎలా అవుతుంది?"

పంపేసి, ఎవరో కసురుతారన్నట్టు ఫోను బోర్లించేసింది. మెల్లగా తిప్పి చూసింది. అది కసరలేదు, నిట్టూర్చలేదు. ఎవరి ఆటల గంటా పోలేదు. అడిగినందుకు సంతోషించి, మీరు రోజూ నడిచే చోటు ఏదైనా చెప్పండి అంది. ఆమె షాపు గుమ్మం చెప్పింది. గుమ్మానికి కుడివైపు బస్టాపు, ఎడమవైపు పాల దుకాణం, రెండూ ఇంచుమించు ఒకే దూరం. మీరు గుమ్మం నుంచి అంత దూరం నడిచానని మాత్రమే చెబితే, ఎక్కడికి చేరారో నాకెలా తెలుస్తుంది అని అడిగింది ట్యూటరు. ఎటువైపు నడిచానో కూడా చెప్పాలండీ అని రాయబోతూ, సగంలో ఆమె వేలు ఆగిపోయింది. మైనస్ అంటే తక్కువ అని ఇన్నాళ్ళూ అనుకుంది. ఇక్కడ మైనస్ అంటే అటువైపు అని. లెన్సు దగ్గర నిలబడి, కాంతి పోయేవైపు ప్లస్, దానికి ఎదురువైపు, అంటే వస్తువు ఉన్న వైపు, మైనస్. ఓస్, దీనికేనా రెండుసార్లు తప్పింది. నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఇక్కడ పక్కన ఎవరూ లేరు కాబట్టి రెండూ కానిచ్చింది.

ట్యూటరు అలవాటు కొద్దీ మళ్ళీ అడిగింది, అర్థమైందా అని. ఆమె ఈసారి తొందరపడలేదు. "ఇకనుంచి నన్ను అలా అడక్కండి. అడిగితే నేను అర్థమైందనే అంటాను, అది నా జబ్బు. ఏం అర్థమైందో చెప్పమనండి" అని రాసింది. అది సరేనంది.

ఇక్కడితో కథ సుఖాంతమనుకుంటే పొరపాటు, మనిషి అంత తొందరగా మారితే ఇంకేం. తర్వాతి పాఠం అయ్యాక ట్యూటరు మాట ప్రకారం ఏం అర్థమైందో చెప్పమంది. ఈవిడ గడగడా చెప్పింది. బాగా చెప్పారని మెచ్చుకుంది. ఆ తర్వాత పాఠానికీ మెచ్చుకుంది. మూడో పాఠం దగ్గర, సగం వాక్యంలో ఉండగా, ఆమెకి ఉన్నట్టుండి మొగుడు గుర్తొచ్చాడు. కుర్చీలో కూర్చుని ఎక్కం అప్పజెప్పినట్టు చివరి వరస చదివేసిన డ్రైవరుగారు. తను చేస్తున్నదీ అదే కదా. ట్యూటరు చెప్పిన మాటలనే తిరిగి దానికి అప్పజెబుతోంది. వెంటనే నిజం ఒప్పేసుకుంది. "నేను చెప్పినవన్నీ మీ మాటలేనండీ, నావి కావు. చార్టు మార్చండి" అని రాసింది. ఏ చార్టు అని అడిగింది అది, పాపం దానికేం తెలుసు. అప్పుడు ఆమె పెద్దాయన పద్ధతీ, మొగుడి లైసెన్సు కథా మొత్తం పూసగుచ్చినట్టు రాసింది. దానికది బాగా పట్టింది. అప్పట్నుంచి పాఠం చెప్పిన ప్రతిసారీ, ఆ పాఠంలో లేని కొత్త లెక్క ఒకటి తయారుచేసి ముందు పెట్టేది. పచ్చ టిక్కులు పడటం బాగా తగ్గింది. పడినవి మాత్రం నిలిచాయి.

ట్యూటరు దగ్గర ఎంత కూర్చున్నా తేలనివి శనివారం లెక్చరరమ్మ దగ్గరికి మోసుకెళ్ళేది. ఒక శనివారం పాఠం మధ్యలో లెక్చరరమ్మ "అర్థమైందా?" అంది. కుర్రాళ్ళు వెనక్కి తిరిగి అర్థమైందక్క వంక చూశారు, ఆ జవాబు ఆవిడ ఖాతాలోదే కదా. ఆమె లేచి నిలబడింది. "కాలేదండీ" అంది. బళ్ళో ఉన్నట్టు అందరూ కొరకొరా చూస్తారనుకుంది. చూడలేదు. వెనక బెంచీ నుంచి ఒకడు, హమ్మయ్య, నాకూ కాలేదండీ అన్నాడు. ఇంకో ఇద్దరు చేతులెత్తారు. లెక్చరరమ్మ బోర్డు తుడిచింది, నిట్టూర్చకుండానే.

రాత పరీక్ష గట్టెక్కింది. మిగిలింది నోటి పరీక్ష. అడగడానికి వేరే యూనివర్సిటీ నుంచి వచ్చినాయన కళ్ళజోడు మాటిమాటికీ ముక్కు మీదికి జారుతోంది. మర బిగిస్తే సరిపోతుందండీ అందామని ఆమె నాలుక దురద పెట్టింది గానీ ఊరుకుంది. మొదటి రెండు ప్రశ్నలూ తిన్నగానే సాగాయి. మూడోది, వస్తువు దూరం ఎప్పుడైనా ప్లస్ అవుతుందా, అయితే ఎప్పుడు అని. ఆమె ఇన్ని నెలలూ వస్తువు ముందు, అంటే మైనస్, అని కదా కుస్తీ పట్టింది.

ప్రశ్న అర్థమైందా అన్నారాయన.

పాత మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. అదొక్కటి అనేసి, నోటికొచ్చిందేదో చెప్పి లేచిపోవచ్చు. షాపు గుర్తొచ్చింది. బామ్మగారు గుర్తొచ్చారు. "అర్థం కాలేదండీ" అంది. "వస్తువు ఎప్పుడూ లెన్సుకి ముందే కదండీ ఉంటుంది. మరి ప్లస్ ఎలా వస్తుంది?"

ఆయన ఆమె వంక ఆసక్తిగా చూశారు. లెన్సు ఒక్కటే ఉంటే మీరన్నది నిజమే, దాని వెనకే ఇంకో లెన్సు ఉంటే ఏమవుతుందో ఆలోచించండి అన్నారు. ఆమె బల్ల మీద వేలితో గీసుకుంది. మొదటి లెన్సు దాటిన కాంతి ఒక చోట కలవడానికి పోతోంది. అక్కడ కలిసేలోపే రెండో లెన్సు అడ్డం వచ్చింది. ఈ రెండో దానికి, ఆ కలవాల్సిన చోటే వస్తువు. అది ఉన్నది వెనకాల, కాంతి పోయేవైపు. "అటువైపు కాదండీ, ఇటువైపు" అంది తనలో తను అనుకున్నట్టు. "అందుకని ప్లస్." ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చాలన్నారు.

పాసయింది. గొప్ప మార్కులేం కావు, పాసయింది అంతే. భర్త ఆ రోజు ఇంటికొస్తూ తను నడిపే బస్సులోనే అందరికీ చెప్పుకున్నాడట. సర్టిఫికెట్ రావడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. అది వచ్చిన మర్నాడు ఆమె అందరికంటే ముందు షాపు తెరిచి, చీకటి గది శుభ్రంగా తుడిచింది. గోడ మీద చార్టు ఎప్పటిదో, రెండు వైపులా పచ్చబడి అంచులు చిరిగిపోయింది. దాన్ని చుట్టచుట్టి తలుపు వెనక పెట్టి, కొత్తది తెల్లటిది తగిలించింది.

పెద్దాయన వచ్చారు. మొదటి పరీక్ష నాకే చెయ్యాలమ్మాయ్ అని, ఎన్నడూ లేనిది ఆ కుర్చీలో తనే కూర్చున్నారు. ఆమె దీపం తగ్గించి, చార్టు లైటు వేసి, ఆయన నేర్పిన మాటే ఆయనతో అంది.

"ఏం కనిపిస్తోందో చదవండి బాబాయిగారూ."

పెద్దాయన వెనక్కి వాలి, నవ్వుతూ, చివరి వరస ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా ఆగకుండా చదివేశారు.

ఆమె గోడ వంక చూసింది. ఆయన చదివిన అక్షరాలు ఆ వరసలో లేవు. అవి తలుపు వెనక చుట్టచుట్టి ఉన్న పాత చార్టులోవి.

అలవాటు కోసమంటూ తన చేత చదివించిన నంబర్లన్నీ, బామ్మగారి రోజు తనకి వదిలేసిన ప్రశ్నలన్నీ ఒక్కసారిగా ఆమె ముందు వరసకట్టాయి. ఆయన మోకాళ్ళకి ఏ రోగమూ లేదు. ముందు కోపం వచ్చింది. ఇలాంటి కళ్ళతో ఇంకొకరి కళ్ళు చూడొచ్చా అని. ఆ వెనకే, ఇన్నాళ్ళూ పక్కనే నిలబడి తను ఆయన కళ్ళలోకి ఒక్కసారైనా చూడలేదని గుర్తొచ్చి, కోపం కాస్తా దుఃఖమైపోయింది.

"చార్టు మార్చాను బాబాయిగారూ. పొద్దున్నే."

పెద్దాయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది. నేర్పినవాణ్ణే పట్టేశావన్నమాట అన్నారు. రెండు కళ్ళలోనూ పొరలని ఒప్పుకున్నారు. ఎందరినో తనే ఆపరేషన్‌కి పంపించి, తన దాకా వచ్చేసరికి కత్తి అంటే భయపడ్డానన్నారు. చెబితే నువ్వు పుస్తకాలు అవతల పారేసి నన్ను ఆస్పత్రుల చుట్టూ తిప్పేదానివి, అందుకే నువ్వు గట్టెక్కేదాకా పళ్ళ బిగువున లాక్కొచ్చానన్నారు.

"అర్థమైందా అమ్మాయ్?" అన్నారు చివరికి.

"అర్థమైందండీ" అంది. ఆయన చూడలేరని తెలిసినా, మొహం తుడుచుకుంది.

తర్వాత బరువు ఫ్రేము తీసి ఆయన ముక్కు మీద సరిగ్గా కూర్చోబెట్టింది. మళ్ళీ పై వరస నుంచి మొదలుపెడదామని, కనపడనిది కనపడట్లేదనే చెప్పమని, తనేమీ అనుకోనని చెప్పింది. పెద్దాయన మొదటి అక్షరం చదివారు. రెండో వరస తడుముకుంటూ చదివారు. మూడో వరస దగ్గర ఆగిపోయి, చాలాసేపు గోడ వంకే చూశారు.

"కనపడట్లేదమ్మాయ్" అన్నారు.

ఆమె పెట్టెలోంచి తర్వాతి అద్దం తీసింది.